కర్త కనిపించని వాక్యం: మిసిసిపి ఓటరు అర్హత నిబంధన, ఫానీ లూ హేమర్ సాక్ష్యం – పాఠవిమర్శ

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నల్లజాతి పౌరుల ఓటుహక్కు పోరాటాన్ని చరిత్రకారులు, న్యాయశాస్త్రజ్ఞులు విస్తృతంగా చర్చించారు. ఆ పోరాటంలో ఎదురెదురుగా నిలిచిన రాష్ట్ర శాసనాలు, సాక్ష్యాలు, తీర్పులు భాషారూపంలో ఉన్న పాఠాలు కూడా. మిసిసిపి రాష్ట్ర రాజ్యాంగంలోని 244వ సెక్షన్‌ను, 1964లో ఫానీ లూ హేమర్ ఇచ్చిన సాక్ష్యాన్ని, వాటికి ముందూ వెనుకా వచ్చిన కొన్ని తీర్పులను వాక్యనిర్మాణం, ఉపమానం అనే రెండు కోణాల నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హక్కును హరించిన శాసనం అసలు కర్తను దాచిందని, హక్కును కోరిన సాక్ష్యం ఆ కర్తను పేరుపెట్టి పిలిచిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఓటుహక్కు, వ్యాఖ్యానం, కర్త, ప్రేరణార్థకం, మిసిసిపి, ఫానీ లూ హేమర్, జాతి వివక్ష, రాష్ట్ర శాసనాలు.

1. ప్రవేశిక

1962 ఆగస్టు 31న మిసిసిపి రాష్ట్రం ఇండియనోలా పట్టణంలోని కోర్టు భవనంలో, పత్తి పొలాలలో పనిచేసే ఒక నల్లజాతి స్త్రీకి ఆ రాష్ట్ర రాజ్యాంగంలోని 16వ సెక్షన్ చూపించి, దానిని చూసి రాయమన్నారు. రాసిన తరువాత అర్థం వివరించమన్నారు. చూసి రాయడం ఆమెకు వచ్చు. అర్థం దగ్గర ఆగిపోయారు. జరిగిపోయిన పనిని తరువాత చేసిన శాసనంతో నేరంగా మార్చరాదని, ఒప్పందాల బాధ్యతను దెబ్బతీసే శాసనాలు చేయరాదని ఆ సెక్షన్ భావం. లాటిన్ న్యాయపదంతో మొదలయ్యే ఆ ఒక్క వాక్యాన్ని అప్పటికప్పుడు విప్పి చెప్పమంటే న్యాయశాస్త్ర విద్యార్థి కూడా కొంత తడుముకుంటాడు. ఆ స్త్రీ ఫానీ లూ హేమర్. ఆమె 1917లో, పరాయి పొలంలో పంట పాలుకు పనిచేసే కుటుంబంలో ఇరవయ్యో సంతానంగా పుట్టారు. ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవడానికి ఆ రోజు అక్కడికి వెళ్లిన పద్దెనిమిది మందిలో ఆమె ఒకరు.

ఆ గదిలో జరిగినది వ్యాఖ్యాన పరీక్ష అన్న సంగతిని సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. మూలపాఠం ఉంది, వ్యాఖ్యాత ఉన్నారు, వ్యాఖ్యానం సమంజసమో కాదో తేల్చే విమర్శకుడు కూడా ఉన్నాడు. ఆ విమర్శకుడు ఓటర్ల నమోదు బాధ్యత చూసే సర్క్యూట్ క్లర్కు. నిత్యం తరగతి గదులలో జరిగే పని ఇక్కడ పౌరసత్వానికి కాపలా గేటుగా మారింది. ఈ కారణంగా 244వ సెక్షన్‌ను న్యాయశాస్త్రానికే వదిలివేయడం సరికాదు.

2. 244వ సెక్షన్: వాక్యనిర్మాణం

అంతర్యుద్ధం తరువాత 1870లో ఆమోదం పొందిన పదిహేనవ సవరణ జాతి, వర్ణం, పూర్వపు బానిసత్వం కారణంగా ఓటుహక్కును నిరాకరించరాదని శాసించింది. ఆ సవరణను నేరుగా ధిక్కరించడం ఏ రాష్ట్రానికీ సాధ్యం కాదు. 1890లో మిసిసిపి జనాభాలో నల్లజాతివారు సగానికి మించి ఉన్నారు. ఆ ఏడాది కొత్త రాజ్యాంగం రాయడానికి సమావేశమైన 134 మంది ప్రతినిధులలో నల్లజాతి ప్రతినిధి ఒక్కరే, మౌండ్ బయూ పట్టణ స్థాపకుడు ఐజయా మాంట్‌గోమరీ. ఆయన కూడా ఓటు నిబంధనలను సమర్థించారు. ఎందుకు సమర్థించారన్నది చరిత్రకారుల మధ్య నేటికీ తెగని చర్చ. తయారైన రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకు పెట్టనేలేదు.

ఆ రాజ్యాంగంలోని 244వ సెక్షన్ చాలా చిన్నది. 1892 జనవరి 1 నుంచి ప్రతి ఓటరూ రాష్ట్ర రాజ్యాంగంలోని ఏ సెక్షన్‌నైనా చదవగలిగి ఉండాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చేసుకోగలగాలి, లేదా దానికి సమంజసమైన వ్యాఖ్యానం ఇవ్వగలగాలి అన్నది దాని సారం. వాక్యంలో కర్తృస్థానంలో ఉన్నది ‘ప్రతి ఓటరూ’. జాతి ప్రస్తావన ఎక్కడా లేదు. తీరు చూస్తే అందరికీ ఒకే కొలత పెట్టిన నిష్పాక్షిక వాక్యంలా ఉంది. అయితే ఈ వాక్యంలో మూడు క్రియలకు కర్తలు లేరు. రాజ్యాంగంలోని అనేక సెక్షన్లలో ఒకదానిని ఎంచేది ఎవరు? చదివి వినిపించేది ఎవరు? వ్యాఖ్యానం సమంజసమని నిర్ణయించేది ఎవరు? వ్యాకరణపరంగా ఓటరే కర్త అయినా, వాక్యంలోని అధికారమంతా పేరు చెప్పని మరొకరి చేతిలో ఉంది. ఎంచేవాడు, వినిపించేవాడు, తీర్పు చెప్పేవాడు ముగ్గురూ ఒక్కడే. అతని పేరు సెక్షన్‌లో లేకపోవడం వల్లనే శాసనం పనిచేసింది.

‘లేదా’ అనే అవ్యయం మీద కూడా కొంచెం ఆగాలి. చదువురాని శ్వేతజాతీయుడికి వినిపించి అర్థం అడిగే దారి తెరిచి ఉంచడానికి ఆ ‘లేదా’ను పెట్టారు. అరవై ఏళ్లలో పరిస్థితి తారుమారైంది. నల్లజాతివారిలో అక్షరాస్యత పెరిగింది. చదవగలిగితే చాలన్న నిబంధన వారికి అనుకూలంగా మారే ప్రమాదం కనిపించగానే 1954లో సెక్షన్‌ను సవరించారు. చదవడం, రాయడం, వ్యాఖ్యానించడం మూడూ తప్పనిసరి అయ్యాయి. వీటికి తోడు రాజ్యాంగబద్ధ ప్రభుత్వంలో పౌరుడి విధులపై ఒక ప్రకటన కూడా రాయాలి. ‘లేదా’ స్థానంలో ‘మరియు’ వచ్చింది. 1954 జనవరి 1 నాటికే జాబితాలో ఉన్నవారికి ఈ కొత్త పరీక్ష లేదు. వారిలో అత్యధికులు శ్వేతజాతీయులు. ఓటు వేయగల వయసున్న నల్లజాతివారిలో అప్పటికి నమోదైనవారు సుమారు 5 శాతం. ఒక సముచ్చయ పదం మార్పుతో ఇంత పని జరగడం శాసన భాషలోనే సాధ్యం.

3. జరిగినదా, జరగవచ్చునా?

ఈ నిబంధనలను 1898లో సుప్రీంకోర్టు విలియమ్స్ వర్సెస్ మిసిసిపి కేసులో సమర్థించింది. ఓటర్ల జాబితా నుంచి జ్యూరీలను ఎంచేవారు కాబట్టి నల్లజాతివారు లేని జ్యూరీ తనను దోషిగా నిలబెట్టిందన్నది ముద్దాయి వాదన. న్యాయమూర్తి మెకెన్నా రాసిన తీర్పు ఈ శాసనాలు పైకి జాతుల మధ్య తేడా చూపడం లేదన్నది. వాటి అమలు చెడ్డదని రుజువు కాలేదని, వాటి కింద చెడు జరిగే అవకాశం ఉందని మాత్రమే తేలిందని ముగించింది. ‘జరిగింది’, ‘జరగవచ్చు’ అనే రెండు క్రియారూపాల మధ్య ఒక జాతి ఓటుహక్కు జారిపోయింది.

ఇందులో విడ్డూరం ఒకటుంది. రెండేళ్ల ముందే, 1896లో, మిసిసిపి రాష్ట్ర సుప్రీంకోర్టు రాట్లిఫ్ వర్సెస్ బీల్ కేసులో రాజ్యాంగసభ ఉద్దేశాన్ని దాపరికం లేకుండా చెప్పింది. జాతి పేరుతో వివక్ష చూపడానికి కేంద్ర రాజ్యాంగం అడ్డు వచ్చింది కనుక, ఆ జాతికి తాము ఆపాదించిన లక్షణాల మీద సభ వివక్ష చూపిందన్నది ఆ కోర్టు చెప్పిన మాటల సారం. కర్త తానే బయటపడి ఒప్పుకున్న సందర్భమిది. విలియమ్స్ తీర్పు ఆ మాటలను ఎత్తి రాసుకొని కూడా వాటిని రుజువుగా తీసుకోలేదు.

4. సమంజసమైన వ్యాఖ్యానం

వ్యాఖ్యాన పరీక్ష మిసిసిపికే పరిమితం కాలేదు. లూసియానాలో 1896లో నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334. 1898 నాటి కొత్త రాజ్యాంగం తరువాత 1900 నాటికి ఆ సంఖ్య 5,320కి పడిపోయింది. అక్కడ 1921 నుంచి వ్యాఖ్యాన నిబంధన ఉంది. దాని అమలు తీరు 1965 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన లూసియానా వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ తీర్పులో నమోదైంది. అందులోని రెండు జవాబు పత్రాలు ప్రతి సాహిత్య విమర్శకుడూ చూడవలసినవి. ఒక శ్వేతజాతి దరఖాస్తుదారు వాక్‌స్వాతంత్ర్యం అని అర్థం వచ్చే మూడు మాటలు, మూడింటికి మూడూ అక్షరదోషాలతో, రాశాడు. అది సమంజసమైన వ్యాఖ్యానంగా ఆమోదం పొందింది. ఒక నల్లజాతి దరఖాస్తుదారు అకారణ సోదాల నుంచి రక్షణ ఇచ్చే నిబంధనను వివరిస్తూ ఎవరూ ఊరికే ఒకరి ఇంట్లో చొరబడి వస్తువులు తీసుకుపోరాదన్న భావాన్ని సొంత మాటలలో రాశారు. అది తిరస్కారానికి గురైంది. రెండవది మూలభావాన్ని పట్టుకున్న వివరణ. మొదటిది మూలాన్ని పొడి పొడిగా తిప్పి చెప్పడం. ఏ అలంకారశాస్త్ర ప్రమాణంతోనూ ఈ మార్కులను సమర్థించలేము. అలబామాలో పుట్టి పెరిగిన న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఇది పరీక్ష కాదని, ఎంతటి మేధావినైనా ఆపగల ఉచ్చు అని తేల్చారు.

మెతుకు సీమకు చెందిన కొలచాల మల్లినాథ సూరి తన వ్యాఖ్యాన ప్రతిజ్ఞలో మూలంలో లేనిది రాయనని, అనవసరమైనది చెప్పనని మాట ఇచ్చాడు. ఆ ప్రతిజ్ఞ వ్యాఖ్యాతను బంధిస్తుంది. పాఠకుడు దాని ఆధారంగానే వ్యాఖ్యాతను నిలదీయగలడు. మిసిసిపిలో, లూసియానాలో లోపించినది ఈ ప్రతిజ్ఞే. వ్యాఖ్యానాన్ని తూచేవాడికి ఏ నియమమూ లేదు, తిరస్కారానికి కారణం చెప్పవలసిన పనీ లేదు. ప్రమాణం లేని విమర్శ కేవలం అధికారంగా మిగులుతుందని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ సాహిత్య విమర్శ చరిత్రలో దొరకదు.

చదువురాని ఓటరుతో రాజ్యం మరో విధంగా కూడా వ్యవహరించవచ్చు. దీనికి ఆ కాలపు భారతదేశమే సాక్ష్యం. 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, అక్షరాస్యత వంటి అర్హతల మీద ఓటు దక్కిన ఈ దేశంలో, 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 326వ అధికరణంతో వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. అక్షరాస్యత 18 శాతం దగ్గర ఉన్న రోజులవి. ఓటరు చదువును పరీక్షించే బదులు ఎన్నికల యంత్రాంగం తన పద్ధతిని మార్చుకుంది. అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు వచ్చాయి. అయితే దీనిని మచ్చలేని కథగా చెప్పుకోవడం కూడా తగదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ తొలి జాబితాల నుంచి తొలగిపోయారు. రాజ్యానికి కావలసిన రూపంలో పేరు పలకకపోతే ఏమవుతుందో వారికీ తెలిసింది.

5. హేమర్ సాక్ష్యం: కర్తను పిలవడం

హేమర్ 1963 జనవరిలో పరీక్ష గట్టెక్కారు. అయినా తలపన్ను రసీదులు లేవని ఓటు వేయనివ్వలేదు. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమొక్రటిక్ పార్టీ మహాసభలో, ప్రతినిధుల అర్హతలు తేల్చే సంఘం ముందు ఆమె మిసిసిపి ఫ్రీడమ్ డెమొక్రటిక్ పార్టీ తరఫున సాక్ష్యం ఇచ్చారు. ప్రత్యక్ష ప్రసారం సాగుతుండగా అధ్యక్షుడు జాన్సన్ హడావిడిగా విలేఖరుల సమావేశం పెట్టి కెమెరాలను తనవైపు తిప్పుకున్నారు. టెలివిజన్ సంస్థలు ఆ రాత్రి సాక్ష్యాన్ని మళ్లీ ప్రసారం చేయడంతో అంతకు మించిన ప్రేక్షకులు ఆమె మాట విన్నారు.

ఈ సాక్ష్యాన్ని ప్రస్తావించేవారు ఎక్కువగా దాని చివర ఆమె దేశాన్ని నిలదీసిన ప్రశ్నను పట్టుకుంటారు. ఆ ప్రశ్న శక్తిమంతమైనదే. అయినా ప్రసంగాలలో, గోడపత్రాలలో పదే పదే వాడడం వల్ల అది నినాదంగా అరిగిపోయింది. సాక్ష్యం అసలు బలం దాని ఆరంభంలో, నడుమ పొదిగిన వివరాలలో ఉంది.

ఆరంభంలో ఆమె తన పేరు, వీధి, ఊరు, కౌంటీ చెప్పారు. సాక్షి చెప్పవలసిన మామూలు వివరాలే అవి. ఆ వెంటనే, అదే ఊపులో, తమ కౌంటీ సెనేటర్ ఈస్ట్‌లాండ్ నివాసమని జోడించి, సెనేటర్ స్టెన్నిస్ పేరు కూడా చెప్పారు. ఒక్క మాటైనా విమర్శ లేదు. ఓటు లేని స్త్రీ చిరునామా, తన ఓటు లేకుండానే గెలిచిన సెనేటర్ చిరునామా ఒకే వాక్యంలో పక్కపక్కన నిలిచాయి. 244వ సెక్షన్ దాచిన కర్తను చూపించే పని ఈ వాక్యంతోనే మొదలైంది.

తరువాత ఆమె దూరం చెప్పారు. కౌంటీ కోర్టుకు ఇరవై ఆరు మైళ్లు. పోలీసులు ఎదురుపడిన సంగతి, పరీక్షకు ఇద్దరిద్దరినే లోపలికి పంపిన సంగతి చెప్పారు. తిరుగు ప్రయాణంలో బస్సును ఆపి, ఆ బస్సు రంగు సరైనది కాదని డ్రైవరు మీద నేరం మోపారు. ఈ వివరాన్ని ఆమె వ్యంగ్యం జోడించకుండా చెప్పి ముందుకు సాగిపోయారు. రంగు కారణంగా మనిషికి ఓటు లేని చోట రంగు కారణంగా బస్సుకు జరిమానా. వక్త ఆ పోలికను తానుగా ఎత్తిచూపి ఉంటే దాని పదును తగ్గేది. ధ్వని సిద్ధాంతాన్ని బోధించే అధ్యాపకులు ఆధునిక గద్యం నుంచి ఉదాహరణ వెతుకుతుంటే ఇది వాడుకోదగినది.

ఆ సాయంత్రమే భూస్వామి వచ్చి నమోదు దరఖాస్తు వెనక్కి తీసుకోకపోతే ఇల్లు ఖాళీ చేయాలన్నాడు. పద్దెనిమిదేళ్లు పనిచేసిన చోటు అది. తాను నమోదుకు వెళ్లింది అతని కోసం కాదని, తన కోసమని హేమర్ జవాబిచ్చారు. రాత్రికి రాత్రే ఆ చోటు విడిచిపెట్టవలసి వచ్చింది. 244వ సెక్షన్‌లో ఓటరు పేరుకే కర్త. ఈ జవాబులో ఆమె నిజంగా కర్త అయ్యారు. అందుకు మూల్యం కూడా ఆమే చెల్లించారు.

సాక్ష్యంలో వినడానికి అన్నింటికన్నా కష్టమైన భాగం 1963 జూన్‌లో వినోనా జైలులో పడిన దెబ్బల వృత్తాంతం. ఆమెను కొట్టినవారు ఇద్దరు నల్లజాతి ఖైదీలు. వారి చేతికి లాఠీ ఇచ్చి కొట్టమన్నది శ్వేతజాతి పోలీసులు. ఇంగ్లీషులో ఈ రెండింటినీ వేరు వేరు వాక్యాలలో చెప్పాలి. తెలుగులో ‘కొట్టారు’, ‘కొట్టించారు’ అనే రెండు క్రియలలో ఆ తేడా ఇమిడి ఉంది. ప్రేరణార్థక క్రియలో కొట్టిన చేయి ఒకరిది, కొట్టించిన అధికారం మరొకరిది. హేమర్ కథనంలో ఈ ఎరుక చివరిదాకా సడలలేదు. ఎవరు ఆజ్ఞ ఇచ్చారో, ఆజ్ఞ విన్నవాడు ఎలా అలసిపోయాడో, లాఠీ రెండోవాడి చేతికి ఎలా మారిందో ఆమె వరుస తప్పకుండా చెప్పారు. కొట్టిన ఖైదీల మీద ఆమె నింద మోపలేదు, వారిని కనబడకుండా చేయనూ లేదు. రాష్ట్రం తన హింసను బాధితుల చేతులతోనే చేయించే పద్ధతి ఆ వరుసలో బయటపడింది. క్లర్కు కలం, భూస్వామి బెదిరింపు, జైలులో లాఠీ ఒకే ప్రేరణార్థకానికి మూడు రూపాలు. ఈ సాక్ష్యాన్ని కేవలం కరుణరసాత్మకంగా చదివేవారు దీనిలోని ఈ విశ్లేషణను పోగొట్టుకుంటారు.

ఆ సభలో ఫ్రీడమ్ పార్టీకి రెండు స్థానాలు ఇస్తామన్న రాజీ వచ్చింది. వారు తిరస్కరించారు.

6. గోడ, వాన, కత్తి

1965 ఆగస్టు 6న అమలులోకి వచ్చిన ఓటుహక్కుల చట్టం దక్షిణాది రాష్ట్రాలలో ఇటువంటి పరీక్షలను నిలిపివేసింది. ఎన్నికల నియమాలు మార్చే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలని షరతు పెట్టింది. మిసిసిపిలో నమోదైన నల్లజాతి ఓటర్లు 6.7 శాతం నుంచి 1967 నాటికి 59.8 శాతానికి చేరారు. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ వర్సెస్ హోల్డర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో, ఏ ప్రాంతాలకు ఆ అనుమతి షరతు వర్తించాలో చెప్పే సూత్రాన్ని కొట్టివేసింది. దేశం మారిందన్నది ఆధిక్య తీర్పు వాదన. ‘మారింది’ అకర్మక క్రియ. ఎవరు మార్చారు, దేనితో మార్చారు అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు.

న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులోని ఉపమానం అందరికీ తెలిసినదే. ముందస్తు అనుమతి పనిచేస్తున్నప్పుడు దానిని తీసివేయడం, వానలో తడవడం లేదు కదా అని గొడుగు పారవేయడం వంటిదని ఆమె అన్నారు. పోలిక హాయిగా ఉంది, వెంటనే అర్థమవుతుంది. అయినా దానిలో ఒక లోపం ఉంది. వానకు కర్త లేడు. కురవడం ప్రకృతి ధర్మం, దానికి ఎవరినీ తప్పుపట్టలేము. జాతి వివక్షను వానతో పోల్చిన క్షణంలో దానిని కురిపించిన చేతులు మరుగున పడతాయి. ఆధిక్య తీర్పు చేసిన పొరపాటే మరో దారిలో అసమ్మతి తీర్పులోకి కూడా వచ్చింది. తీర్పు సారం విషయంలో గిన్స్‌బర్గ్ వైపే న్యాయం ఉందని ఒప్పుకుంటూనే ఈ మాట చెప్పాలి.

దీనికన్నా యాభై ఏళ్లు పాతదైన మరో ఉపమానం మెరుగైనది. లూసియానా కేసును 1963లో కింది కోర్టులో విచారించిన న్యాయమూర్తి జాన్ మైనర్ విజ్‌డమ్ తన తీర్పును గోడతో మొదలుపెట్టారు. నమోదైన ఓటర్లకూ, అర్హత ఉండీ నమోదు కాని నల్లజాతివారికీ మధ్య ఒక గోడ ఉందని, వ్యాఖ్యాన నిబంధనే ఆ గోడ అని, అది కూలవలసిందేనని రాశారు. గోడ తనంత తాను లేవదు. కట్టినవాడు ఉంటాడు, కట్టిన తేదీ ఉంటుంది. విజ్‌డమ్ తీర్పు ఆ కట్టుబడి చరిత్రను విప్పడానికే చాలా పేజీలు వెచ్చించింది. ఉపమానం వాదనను అలంకరించడంతో ఆగక, దానిని నడిపించింది.

షెల్బీ తీర్పు వెలువడగానే నార్త్ కరోలినా శాసనసభ కొత్త ఎన్నికల చట్టం చేసింది. ఏ జాతివారు ఏ పద్ధతిలో ఓటు వేస్తున్నారో లెక్కలు తెప్పించుకొని, నల్లజాతివారు ఎక్కువగా వాడే పద్ధతులను కుదించింది. 2016లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేస్తూ శస్త్రచికిత్సకుడి కచ్చితత్వాన్ని పోలికగా తెచ్చింది. ఇక్కడ మళ్లీ చేయి కనిపిస్తుంది, చేతిలో కత్తి కూడా కనిపిస్తుంది.

7. రాష్ట్రాల శాసనాలు

కేంద్ర రక్షణ సడలిన తరువాత పోరాటం తిరిగి రాష్ట్రాలకు చేరింది. కాలిఫోర్నియా అంతకు ముందే, 2002లో, సొంత ఓటుహక్కుల చట్టం చేసింది. వాషింగ్టన్ 2018లో, ఒరెగాన్ 2019లో అదే దారి పట్టాయి. ఒకప్పటి బానిసరాష్ట్రాల కూటమికి చెందిన వర్జీనియా 2021లో, న్యూయార్క్ 2022లో, కనెక్టికట్ 2023లో, మిన్నెసోటా 2024లో ఆ వరుసలో చేరాయి.

వీటిలో న్యూయార్క్ చట్టం ఈ వ్యాసాంశానికి దగ్గరగా ఉంది. ఓటుకు సంబంధించిన రాష్ట్ర శాసనాలను, నియమాలను ఓటరుకు అనుకూలంగా ఉదారంగా వ్యాఖ్యానించాలని అది నిర్దేశిస్తుంది. మిసిసిపిలో వ్యాఖ్యానం పౌరుడి మీద పెట్టిన భారం. ఇక్కడ అది రాజ్యం మీద పెట్టిన భారం. మల్లినాథుడి ప్రతిజ్ఞ వంటిది ఒకటి శాసనంలోకి వచ్చిందని అనుకోవచ్చు. ఆ న్యూయార్క్‌లోనే 1921 సవరణతో ఇంగ్లీషు అక్షరాస్యత పరీక్ష పెట్టారని, వలస వచ్చినవారినీ తరువాతి కాలంలో ప్యూర్టోరికో నుంచి వచ్చినవారినీ అది దశాబ్దాల పాటు ఓటుకు దూరం చేసిందని కూడా గుర్తుంచుకోవాలి. ఉత్తరాది రాష్ట్రాల చేతులేమీ శుభ్రంగా లేవు.

వ్యాకరణం విషయంలో న్యూయార్క్ నిబంధన కూడా కర్మణి వాక్యమే. శాసనాలు ఉదారంగా వ్యాఖ్యానింపబడాలి అంటుందే గాని ఎవరి చేత అని చెప్పదు. ఆ లోటును అదే చట్టంలోని ముందస్తు అనుమతి భాగం కొంత తీరుస్తుంది. వివక్ష చరిత్ర ఉన్న కౌంటీలు, పట్టణాలు ఎన్నికల నియమాలు మార్చదలిస్తే అటార్నీ జనరల్ కార్యాలయంలోని పౌరహక్కుల విభాగానికి గాని నిర్దిష్ట కోర్టుకు గాని దరఖాస్తు చేయాలి. తమ మార్పు ఓటర్లకు హాని చేయదని చూపించే బాధ్యత దరఖాస్తు చేసినవారిదే. అడిగేది ఎవరో, జవాబు చెప్పవలసింది ఎవరో ఇక్కడ పేర్లతో ఉంది.

మిసిసిపిలో 244వ సెక్షన్ పరీక్ష ఇప్పుడు లేదు. దాని పక్కనే పుట్టిన 241వ సెక్షన్ ఉంది. ఏయే నేరాలకు ఓటు పోతుందో చెప్పే 1890 నాటి జాబితా అది. దొంగతనం, మోసంతో డబ్బు గుంజడం, ద్విభార్యత్వం ఆనాటి జాబితాలో ఉన్నాయి. హత్య లేదు, అత్యాచారం లేదు. ఆ రెండింటినీ 1968లో చేర్చారు. శిక్ష ముగిసిన మనిషి క్షమాభిక్ష లేకుండా తిరిగి ఓటు పొందాలంటే ఆ రాజ్యాంగమే చెప్పిన మార్గం 253వ సెక్షన్. శాసనసభలో ఎవరైనా ఒక సభ్యుడు అతని కోసం విడిగా బిల్లు పెట్టాలి, ఉభయ సభలలోనూ మూడింట రెండు వంతుల ఆమోదం దొరకాలి. ఆ బిల్లు శీర్షికలో ఆ మనిషి పేరు అచ్చవుతుంది.